కొలిమి మన్ను

సమ్మెట పైకి లేచింది గాని కిందికి దిగలేదు. లాయ్ తెట్ మణికట్టును వెనక నుంచి సిక్కు పోలీసు పట్టుకున్నాడు.

"వదిలెయ్. గోడ ముట్టుకోవద్దని దొర ఆర్డర్."

తెట్ సమ్మెట వదల్లేదు, పోలీసు మణికట్టు వదల్లేదు. ఇద్దరూ చేతులు పైకెత్తి అలాగే నిలబడి ఉంటే, చల్లారిన కొలిమి చుట్టూ చేరిన పనివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ సమయానికి వూన్ ఖిమ్ కొలిమి పాకకు వీపు తిప్పి ఇంటి దారి పట్టాడు. ఆ కొలిమి అతనిదే. నెత్తి మీద చాప, భుజాన మూట పెట్టుకుని చైనా నుంచి ఓడ దిగిన మనిషిని ఇప్పుడు లోయంతా తౌకే అంటుంది, యజమాని అని. కొలిమి పగలగొట్టే రోజున తౌకే అక్కడ నిలబడకూడదు. నిలబడితే మన్ను మీద ఆశపడ్డాడంటారు.

మన్ను అంటే వట్టి మన్ను కాదు. ఏళ్ల తరబడి కరిగిన తగరాన్ని ఆ మట్టిగోడ తాగుతూనే ఉంటుంది. కొలిమి నిలిచి ఉన్నంత కాలం దాని అడుగు నుంచి కారే తగరం తౌకేది. కూలిన రోజున మన్ను పనివాళ్లది. దాన్ని దంచి, వాగులో కడిగి, దిగిన తగరంతో ముసలివాళ్లు ఊరికి ఓడెక్కుతారు. ఇక్కడే చచ్చిపోయినవాళ్ల ఎముకలు బానల్లో వాళ్లతో పాటు వెళతాయి. ఈ పద్ధతి ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. రాయాల్సినంత అనుమానం ఎవరికీ రాలేదు.

వెనక అలికిడి విని వూన్ ఖిమ్ తిరిగి చూశాడు. పోలీసు ఒక్కడే కాదు. రోడ్డు మీద ఎడ్లబళ్లు బారులు తీరి ఉన్నాయి. ముందు బండి నీడలో ఖూ బెంగ్ సూ నిలబడి విసనకర్రతో మెడ విసురుకుంటున్నాడు. రోడ్డుకు అవతల కొత్తగా వెలసిన కంపెనీ షెడ్డులో నల్ల ఇసుక కొనేది ఈ ఖూనే. గనిలోంచి తీసిన తగరపు ఇసుక ఇకమీదట ఎవరు పట్టుకొచ్చినా అతనికే అమ్మాలి. మట్టి కొలుములు అడవిలో గట్టి చెట్లన్నీ బొగ్గు చేసి మింగేస్తున్నాయని, నెలాఖరులోగా ఎవరివి వాళ్లు కూలగొట్టుకోవాలని సర్కారు చాటింపు వేయించింది. రేవులో కంపెనీవాళ్ల పెద్ద కొలిమికి అదే అడవి నుంచి రైలు పెట్టెల నిండా కట్టెలు పోతున్నాయి. ఆ సంగతి చాటింపులో లేదు.

"ఏంటి ఖూ, బళ్లు తోలుకొచ్చావు?" అన్నాడు వూన్ ఖిమ్.

"మన్ను కోసం తౌకే. సర్కారు దగ్గర కొన్నాను."

"సర్కారుకి ఎక్కడిది?"

ఖూ విసనకర్ర ఆపాడు. "మీరే ఇచ్చారు కదా. పోయిన వారం బంగళాలో దొరకి కొలిమి అప్పజెప్పారు. పట్టు అంగరఖా వేసుకుని, పక్కన నిలబడి ఫొటో కూడా దిగారు. లోయలో ఇంకే తౌకే ఇంత మర్యాద చెయ్యలేదు. ఎవడి కొలిమి వాడు కూలగొట్టుకుంటానన్నాడు. మీరే ముందుకొచ్చి, నాది మీరే తీసుకోండి దొరా అన్నారు."

పోలీసు చేయి వదిలేశాడు. తెట్ సమ్మెటను మెల్లగా నేల మీద ఆన్చాడు. కొలిమి మేస్త్రీ అతను. మంట రంగు చూస్తూ చూస్తూ కనురెప్పల వెంట్రుకలు ఎప్పుడో కాలిపోయాయి. రెప్ప కొట్టకుండా చూస్తున్నట్టుంటుంది ఆ చూపు.

"ఇచ్చావా అన్నా?"

"కొలిమి ఇచ్చాను," అన్నాడు వూన్ ఖిమ్. "మన్ను ఎలా ఇస్తానురా? నాదైతే కదా."

ఆ రోజు దొర అడిగిన మాట అతనికి గుర్తుంది. కొలిమి, దానికి సంబంధించిందంతా ఇస్తున్నట్టేనా అని అడిగాడు. సంతోషంగా అవునన్నాడు. తిత్తులు పోతాయేమో, అచ్చులు పోతాయేమో అని కూడా ఆలోచించాడు, పోతే పోనీలే అనుకున్నాడు. మన్ను మాత్రం తలపుకే రాలేదు. వేరేవాళ్ల జేబులో ఉన్నది తాను ఇచ్చేసినట్టవుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

"నేను వెళ్లి చెప్పొస్తాను," అన్నాడు. "దొరకి తెలీక చేశాడు. అంతవరకూ ఎవరూ సమ్మెట ఎత్తకండి."

"వెళ్లి రండి తౌకే," అన్నాడు ఖూ. "ఎడ్లకి నీళ్లు పెట్టిస్తా ఈలోగా."

*

గనుల అధికారి పెండ్రీ దొరను చెడ్డవాడని ఎవరూ అనరు. వూన్ ఖిమ్ ఆసుపత్రికి మంచాలు చేయించి ఇచ్చినప్పుడు అందరి ముందూ చేయి కలిపాడు. వాగు మీద వంతెన వేయించినప్పుడు మెచ్చుకున్నాడు. అయినా వరండాలో పేము కుర్చీలు ఖాళీగా ఉంటే కూర్చోమని మాత్రం ఎన్నడూ అనలేదు. వూన్ ఖిమ్ కూడా ఆ మాట కోసం ఎదురుచూడటం మానేసి చాలా కాలమైంది.

దొర నిమ్మరసం తాగుతూ విన్నాడు. మధ్యలో దుబాసీ ఓంగ్. రేవు పట్నంలో పుట్టినవాడు, తెల్ల కోటు వేసుకుంటాడు, చైనా ముఖం చూడలేదు.

"మన్ను కొలిమిలో భాగం కాదంటున్నాడు," అని ఓంగ్ దొరకు చెప్పి నవ్వు ఆపుకున్నాడు.

"మరి గోడ దేంతో కట్టావు?" అన్నాడు దొర.

"మట్టితోనే దొరా. నిలబడి ఉన్నంతసేపూ అది గోడ. కూలితే మన్ను. మన్ను పనివాళ్లది."

"ఏ చట్టంలో ఉంది?"

"అందరికీ తెలుసు దొరా."

"నాకు తెలీదుగా." దొర గ్లాసు పక్కన పెట్టాడు. అతని గొంతులో కోపం లేదు. అదే వూన్ ఖిమ్‌కు ఎక్కువ మండింది. "చూడు తౌకే. కూలి పుచ్చుకున్నవాడికి గోడలో వాటా ఏంటి? మా దేశంలో ఇల్లు కూలితే తాపీవాడొచ్చి ఇటుకలు అడగడు."

"మీ దేశంలో తాపీవాడి చెమటకి ఇటుక బరువెక్కుతుందా దొరా?"

ఓంగ్ ఆ మాటను మింగేసి వేరే ఏదో చెప్పాడు. దొర తలూపాడు.

"నువ్వు మంచివాడివి కాబట్టి ఒక దారి చెబుతాను. అప్పజెప్పిన కొలిమి నుంచి యజమాని తన సొంత సామాను తీసుకుపోవచ్చు. తిత్తులు, గరిటెలు, అచ్చులు, ఏవైనా. ఆ మన్ను నీ సొంతమైతే నీదని చెప్పు. రేపు విచారణ పెడతాను. నీది కాకపోతే మాత్రం అది కొలిమితో పాటు మాకొచ్చేసింది, మేం అమ్మేశాం. కూలీలదని చెప్పకు. కూలీలు నాకేమీ అప్పజెప్పలేదు, నేను వాళ్ల దగ్గర ఏమీ తీసుకోలేదు."

వూన్ ఖిమ్ వరండా మెట్ల కేసి చూశాడు. ఆ మెట్ల మీద పరిచిన రాయి కూడా తను పంపించిందే.

పనివాళ్లదంటే పోతుంది. నాదంటే మిగులుతుంది. నాదన్న తౌకే మొహాన లోయలో ఎవరైనా ఉమ్మేయవచ్చు.

"నాది," అన్నాడు.

ఓంగ్ చప్పున తలెత్తాడు. అతనికి కూడా తెలుసు. "ఏంటి తౌకే?"

"మన్ను నాది. చెప్పు దొరకి."

*

అతను ఇల్లు చేరేసరికి మాట అతని కంటే ముందే చేరింది. భార్య సామ్ మోయ్ దొడ్లో పందులకు కుడితి పోస్తోంది. తలెత్తకుండానే అడిగింది.

"నాదన్నావట?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలేదని అడుగు. వంటపాకలో ఎవరూ గంజి ముట్టలేదు. ఉప్పుచేప వడ్డించింది వడ్డించినట్టే ఉంది. తిండి మీద అలిగారంటే మాటలు కాదు."

వూన్ ఖిమ్ కొలిమి పాక వెనక్కు నడిచాడు. అక్కడ చూరు కింద వరసగా బానలున్నాయి. సమాధులు తవ్వి, ఎముకలు ఏరి, ఆరబెట్టి, కాళ్ల ఎముకలు అడుగునా పుర్రె పైనా వచ్చేలా కూర్చోబెట్టి మూతలు పెట్టిన బానలు. మూత మూత మీదా మనిషి పేరు, ఊరి పేరు. వాటి ముందు తెట్ గొంతుక్కూర్చుని బాన అంచున మెత్తిన మట్టిని గోటితో గీకుతున్నాడు. పనివాళ్లు కొంచెం ఎడంగా నిలబడి ఉన్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు కంపెనీ షెడ్డుకు అప్పుడే కూలికి వెళ్లి వస్తున్నవాళ్లు.

"తెట్, ఇలా రా. మాట."

"ఇక్కడే చెప్పండి తౌకే."

తౌకే అన్నాడు. చెప్పండి అన్నాడు. ఒకే ఓడ అడుగున, ఒకే చాప మీద పడుకుని వచ్చినవాడు.

"వీళ్లంతా వింటున్నారు," అన్నాడు తెట్ బానలు చూపిస్తూ. "మన్ను మీదేనని వీళ్ల ముందు ఓసారి అనండి. దొర ముందు అన్నారు కదా, వీళ్లేం పెద్ద."

వూన్ ఖిమ్ నోరు తెరిచాడు. మీకోసమే అలా అన్నానని ఒక్క ముక్క చాలు. కాని ఆ ముక్క ఈ గుంపులో పడితే గంజి చల్లారేలోపు ఖూ చెవిలో ఉంటుంది. అదొక్కటే అయితే తెట్‌ను భుజం పట్టుకుని వాగు దాకా లాక్కుపోయి ఉండేవాడు. అంతకంటే లోపల ఇంకొకటి అడ్డం పడింది. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను దొంగను కానని వీడికి నేను చెప్పుకోవాలా అనిపించింది.

"రేపు దొర ముందు తేలుతుంది," అన్నాడు.

"తేలుతుందిలెండి," అన్నాడు తెట్. "నన్ను కూడా రమ్మన్నారు. ఖూ సాక్షిగా పిలిపించాడు."

*

బంగళా ముందు పచ్చిక మీద బల్ల వేశారు. దొర కూర్చున్నాడు. ఓంగ్ పక్కన నిలబడ్డాడు. లోయలోని తౌకేలు కొందరు వినోదం చూడటానికి వచ్చి గొడుగుల కింద చేరారు. పనివాళ్లు కంచె అవతల ఎండలో ఉన్నారు.

ఖూ ముందుకొచ్చి వంగి దండం పెట్టాడు. ఆ రోజు అతని నోట్లోంచి ఆచారం అనే మాట తేనెలా కారింది.

"దొరా, తౌకే అంటే నాకు గౌరవం. కాని ఆచారం ఆచారమే. మా వాళ్లలో కొలిమి మన్ను తౌకేది కాదు. ఎప్పుడూ కాదు. లోయలో పసిపిల్లని అడిగినా చెబుతుంది. వూన్ తౌకే పెద్దవాడై ఉండి తనది కానిదాన్ని తనదనడం చూస్తే సిగ్గేస్తోంది. అతని మేస్త్రీనే అడగండి. కోడి మీద ప్రమాణం చేయించి అడగండి."

వూన్ ఖిమ్ ఖూ కేసి చూశాడు. ఆచారం తెలిసినవాడు, ఆచారాన్నే కత్తిలా పట్టుకుని ఆ మన్ను మీదికే వచ్చాడు. పనివాళ్లదని రుజువైతే అది పనివాళ్లకు రాదు, ఇతని బళ్లలోకి పోతుంది. నిజం చెప్పించి దోచుకోవడం ఇదే చూడటం.

దొర వంటవాడు దొడ్లోంచి పుంజును తెచ్చాడు. మొద్దు పెట్టి, కత్తి పెట్టి, పసుపు కాయితం పెట్టారు. కాయితం కాల్చి కోడి తల నరికి చెప్పిన మాట అబద్ధమైతే ఆ వంశంలో ధూపం వేసే చేయి మిగలదు. దొర నమ్మకపోయినా, చైనావాళ్లు ఆ ప్రమాణం మీద అబద్ధమాడరని మాత్రం అతనికి నమ్మకం.

"లాయ్ తెట్," అని పిలిచాడు ఓంగ్.

తెట్ కంచె దాటి వచ్చాడు. మొద్దు దగ్గర నిలబడి ఒకసారి ఖూను చూశాడు, ఒకసారి రోడ్డు మీద బళ్లను చూశాడు. అప్పుడు అతనికి అర్థమైంది. అర్థమవడం వూన్ ఖిమ్‌కు కనబడింది. మనదని నిజం చెబితే ఖూకి. తౌకేదని అబద్ధం చెబితే, దొంగ అనుకున్నవాడికి. తెట్ చేతి వేళ్లు కత్తి పిడి మీద వాలాయి గాని బిగుసుకోలేదు.

వూన్ ఖిమ్ నాలుగు అంగల్లో అక్కడికి చేరి కత్తి లాక్కున్నాడు.

"ఇతను నా దగ్గర కూలి," అన్నాడు గట్టిగా, కంచె అవతల వాళ్లందరికీ వినబడేలా. "నా సొత్తు సంగతి కూలివాడి ప్రమాణంతో తేలుస్తారా? నేనే కోస్తాను."

ఖూ విసనకర్ర ఆగింది.

"వద్దు తౌకే," అన్నాడు ఓంగ్ చిన్నగా, దుబాసీగా కాదు, మామూలు మనిషిగా.

పసుపు కాయితం అంటుకుని వంకర్లు తిరిగింది. వూన్ ఖిమ్ కోడి మెడను మొద్దు మీద అదిమాడు. అది చేతి కింద వెచ్చగా కొట్టుకుంటోంది. ఇంట్లో కోడలు నెలలు నిండి ఉంది. పొద్దున ఆమె వంగలేక వంగలేక తన చెప్పులు తుడిచి గడప దగ్గర పెట్టింది. ఆ ఆలోచన పూర్తిగా రాకముందే నోరు తెరిచాడు.

"కొలిమి మన్ను తౌకేది. మా ఆచారం ఇదే. అబద్ధమైతే ఈ కోడికి పట్టింది నా వంశానికి పట్టాలి."

కత్తి దిగింది. దొర మొహం పక్కకు తిప్పుకున్నాడు.

తర్వాత విచారణ ఎంతోసేపు సాగలేదు. కోడి కోసి చెప్పిన మాట అబద్ధమంటావా అని దొర అడిగితే, ఖూ చేతులు జోడించి నేనేమీ అనలేదన్నాడు. దొర రాసుకున్నాడు. కలం మూత పెడుతూ చిరునవ్వు నవ్వాడు.

"చూశావా తౌకే. చట్టాన్ని నమ్ముకున్నవాడికి ఎప్పుడూ అన్యాయం జరగదు."

గేటు దగ్గర ఖూ పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "దండం తౌకే. దొంగల్లో నేనే పెద్దవాణ్ణి అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ."

*

కొలిమి పాక దగ్గర పోలీసుకు చీటీ చూపించి వూన్ ఖిమ్ అతన్ని పంపించేశాడు. పనివాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరి చూపూ అతని మొహం మీద నిలవలేదు.

"పని కానివ్వండి," అని, ఇటు తిరిగి ఇంటికి నడిచాడు.

ఎవరూ సమ్మెట ఎత్తలేదు. అప్పుడు వెనక పరుగు వినిపించింది. పందుల దొడ్డి దగ్గర తెట్ అతని చొక్కా పట్టుకుని ఆపాడు. ఆయాసపడుతున్నాడు.

"అన్నా. ఏం చేశావన్నా నువ్వు."

"నీ పని నువ్వు చూసుకో."

"కోడలు కడుపుతో ఉంది."

"తెలుసు."

"నాతో ఒక్క మాట అంటే నేను కోసేవాణ్ణి కదా. నాకెవరున్నారు, పెళ్లామా పిల్లలా?"

"నీకు అబద్ధం చేతకాదు. నీ మొహం చూసి కోడే నవ్వేది."

తెట్ నవ్వలేదు. చొక్కా వదిలి, నలిగిన చోట అరచేత్తో రెండుసార్లు సవరించి వెనక్కి వెళ్లాడు. కాసేపటికి మొదటి సమ్మెట దెబ్బ వినబడింది. దాని వెనకే వరసగా దెబ్బలు.

సామ్ మోయ్ ఆ రోజు అతని గంజి గిన్నె అరుగు మీదే పెట్టింది.

"కోడలి గడప తొక్కొద్దు నువ్వు," అంది. "బిడ్డ బయటపడేదాకా దాని ఎదురుగా కూడా రావద్దు. నీ చెప్పులు నేను తుడుస్తాను."

"వాళ్ల మన్ను వాళ్లకి దక్కింది."

"దక్కిందిలే. తప్పు చేశావని నేననలేదు. దాని ఎదురుగా రావద్దన్నాను."

గోడ బద్దలైన చోటల్లా లోపల తగరం తెల్లగా బియ్యపు గింజల్లా మెరిసింది. మన్నును పెడ్డలు పెడ్డలుగా మోసి కాలితో తొక్కే రోకళ్ల కింద పోశారు. దంచిన పొడిని చెక్క పళ్లేల్లో వాగు నీళ్లతో తిప్పి తిప్పి కడిగారు. మట్టి ఎర్రగా కొట్టుకుపోయింది, తగరం అడుగున నిలిచింది. చిట్టెం కూడా వదల్లేదు. వూన్ ఖిమ్ అరుగు మీంచి చూశాడు, దగ్గరికి పోలేదు. సరుకంతా పడవలో రేవుకు పోయింది. దాని వెనక పడవలో బానలను తాళ్లతో కట్టి గడ్డిలో కుదుర్చుకుని ముసలివాళ్లు ఎక్కారు. ఒకడు ఒడ్డున ఉన్నవాళ్లతో, "మా బావని తీసుకెళుతున్నా. బతికుండగా ఇంత బుద్ధిగా ఎప్పుడూ కూర్చోలేదు," అన్నాడు. అందరూ నవ్వారు. వూన్ ఖిమ్ కూడా నవ్వాడు. ఓడ కదిలిందని రేవు నుంచి కబురొచ్చాక ఆ పూట రెండు గిన్నెల గంజి తాగాడు.

*

నవ్వు ఎంతో కాలం నిలవలేదు. లోయ దిగువ నుంచి మనుషులు వచ్చి అతని గుమ్మం ముందు నిలబడ్డారు. చోంగ్ యిట్ తౌకే కొలిమిలో పనిచేసేవాళ్లు. లోపలికి రమ్మంటే రాలేదు. టీ ఇస్తే పుచ్చుకోలేదు. ముందున్నవాడి నుదుటి మీద లాఠీ దెబ్బ కమిలి ఉంది.

"మీ పేరు చెప్పి మా నోట్లో మన్ను కొట్టారు తౌకే," అన్నాడు. "ఆ మన్ను కూడా దక్కలేదు. అదీ వాళ్లే పట్టుకుపోతున్నారు."

వూన్ ఖిమ్ ఇంకేమీ అడగలేదు. టోపీ పెట్టుకుని వాళ్లతో నడిచాడు.

చోంగ్ యిట్ కొలిమి దగ్గర ఇద్దరు పోలీసులు. స్తంభానికి నోటీసు అంటించి ఉంది. కొలిమి మన్ను యజమానిదేనని విచారణలో తేలిందనీ, దాన్ని ముట్టుకున్న కూలీలు దొంగల కింద లెక్కనీ దొర సంతకం. చోంగ్ యిట్ గొడుగు కింద నిలబడి, తన బండిలోకి పెడ్డలు ఎత్తిస్తున్నాడు. వూన్ ఖిమ్‌ను చూడగానే మొహం విప్పారింది.

"రండి తౌకే, రండి. మీరు కోసిన కోడి మా అందరికీ గుడ్లు పెడుతోంది."

"మన్ను దించు చోంగ్. వాళ్లది."

"అలాగంటే ఎలా. నేను పద్ధతి గల మనిషిని. మీలాంటి పెద్దవారు వంశం మీద ఒట్టేసి తౌకేదన్నారు కాబట్టే చెయ్యి వేశాను. లేకపోతే నాకు సిగ్గు లేదా?" చుట్టూ చూసి గొంతు పెంచాడు. "పోనీ అది అబద్ధమనండి. ఇప్పుడే బండి తిప్పేస్తాను."

"అబద్ధం," అన్నాడు వూన్ ఖిమ్.

చోంగ్ యిట్ నవ్వు ఒక్క క్షణం తడబడింది. మళ్లీ సర్దుకుంది. "నాతో చెబితే ఏం లాభం తౌకే. నోటీసు నేను వేశానా? దొరతో చెప్పండి. పై కొలుముల వాళ్లు కూడా సమ్మెటలు పట్టుకుని మీ పేరే జపిస్తున్నారు, పాపం."

ఇంటికి వచ్చి పట్టు అంగరఖా పైకి తీసి, మళ్లీ పెట్టెలో పడేసి, కొలిమి దగ్గర వేసుకునే నీలం చొక్కా వేసుకున్నాడు. విషయం విని సామ్ మోయ్ పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది.

"అబద్ధమని ఒప్పుకుంటే ఒట్టు తీరిపోతుందా?" అంది.

"తీరదు."

"జైల్లో పెడతారా?"

"పెట్టొచ్చు."

ఆమె లేచి రెండు జతల బట్టలూ పొగాకూ మూట కట్టింది. కొంచెం ఆలోచించి, ఉప్పులో ఊరిన ఆవాకు చిన్న జాడీ కూడా అందులో పెట్టింది. "అక్కడి గంజిలోకి," అంది.

*

పెండ్రీ దొర మొదట సరిగా వినలేదు. రెండోసారి ఓంగ్ చెప్పాక కాగితాల మీంచి తలెత్తాడు.

"నువ్వు అబద్ధం చెప్పావా?"

"అవును దొరా. మన్ను పనివాళ్లదే. ఎక్కడైనా, ఎప్పుడైనా. మీ నోటీసు తప్పు."

"ఆ నోటీసు రాజధానికి కూడా పంపించాను. బాగుందన్నారు." దొర కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు అంటున్నదేంటో నీకు తెలుస్తోందా? నీది కాకపోతే ఆ మన్ను సర్కారుది. తిరిగివ్వాలి."

"అది ఓడెక్కింది."

"అయితే దాని ఖరీదు నువ్వు కట్టాలి. ఇల్లు పోతుంది. పైన దొంగ ప్రమాణానికి జైలు."

"సరే."

"సరే ఏంటి? ముసలివాడివి. ఇంటికి పో. నీకు ఒంట్లో బాగాలేదని అనుకుంటాను. ఈ మాట నేను వినలేదు."

"వినండి దొరా. ఆ రోజు నాదన్నప్పుడు బాగానే వినబడింది కదా మీకు. అబద్ధమైతే గబగబా రాసుకున్నారు. నిజం చెబుతుంటే కలం మూత తీయడం లేదు."

ఓంగ్ ఈసారి ఏదీ మింగలేదు. మాటకు మాట అప్పజెప్పాడు. దొర మెడ ఎర్రబడింది.

"మీవాళ్లు కోడి కోసి అబద్ధమాడరని ఈ ఓంగే చెప్పాడు నాకు. లోయంతా అదే చెప్పింది. ఇప్పుడు నువ్వొచ్చి కాదంటే, నీ మాట ఎందుకు నమ్మాలి? ఏ పనివాడో బెదిరించి ఉంటాడు. సాక్షి ఎవరున్నారు నీకు?"

కోడి ఒక్కటే సాక్షి. దాన్ని దొర వంటవాడు ఆ పూటే వండేశాడు. చేతిలో మూట బరువుగా అనిపించింది. వూన్ ఖిమ్ పేము కుర్చీని దగ్గరికి జరుపుకుని అందులో కూర్చున్నాడు.

మెట్ల మీద చెప్పులు విడిచిన చప్పుడైంది. తెట్ వరండాలోకి వచ్చాడు. అతని వెనక పచ్చిక మీద పనివాళ్లు, వాళ్ల వెనక చోంగ్ యిట్ మనుషులు, ఇంకా కంచె దాకా ఎవరెవరో. తెట్ దొరను చూడలేదు. నేరుగా ఓంగ్‌తో అన్నాడు.

"సాక్షిని నేను. కత్తి నా చేతిలోంచి లాక్కుని కోశాడు. మా అన్న అబద్ధమాడాడు, నేను చూశాను. రాసుకోమను."